అరిగిన పిడి

రబ్బరు పాల డబ్బా మూత తియ్యగానే ముందు కళ్ళు మండుతాయి, తర్వాత ముక్కు దిబ్బడ వేస్తుంది, ఆపైన అలవాటైపోతుంది. మా వీధిలో వాళ్ళకి మాత్రం ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదు. పటమటలో మా డాబా మీది రేకుల గది కిటికీ తెరిస్తే చాలు, పక్కింటావిడ తన కిటికీని ధడాలున మూసేస్తుంది. ఇదివరకు ఆ చప్పుడు వినగానే మా అక్క, "గంట కొట్టారు, ఇంక పని మొదలెట్టు" అనేది. ఇప్పుడు కిటికీ చప్పుడు తర్వాత ఏ మాటా వినపడదు. ఆ మాట నాలో నేనే అనుకుని పని మొదలెడతాను.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. తోడికోడళ్ళంటే లోకం ఏమనుకుంటుందో నాకు తెలుసు. మేమేం అతీతులం కాదు. బ్రష్షు కడగకుండా ఎండబెట్టావని ఆవిడా, నా కత్తెరతో అట్టలు కత్తిరించావని నేనూ పూటంతా మూతులు ముడుచుకుని కూర్చున్న రోజులున్నాయి. కానీ మూతి ముడుచుకున్నా ఆ గదిలోనే, పక్కపక్క స్టూళ్ళ మీదే కూర్చునేవాళ్ళం. ఇల్లంతా ఖాళీగా ఉన్నా కోపగించుకోవడానికి వేరే గదిలోకి వెళ్ళాలని ఇద్దరికీ తోచేది కాదు.

మా అత్తగారి వాళ్ళది పెడన వైపు చేనేత కుటుంబం. మామగారి హయాంలో మగ్గం వదిలి బట్టల వ్యాపారంలోకి వచ్చారు. అమ్ముడుపోని జరీ బట్టలు మిగిలిపోతుంటే వాటితో నాటకాల డ్రెస్సులు కుట్టించి అద్దెకివ్వడం మొదలెట్టారు. అదే చివరికి అసలు వ్యాపారమైంది. నేను కాపురానికి వచ్చేసరికి షాపు నిండా రాముళ్ళు, రావణులు, దుర్యోధనులు తలల్లేకుండా హ్యాంగర్లకి వేలాడుతూ ఉండేవాళ్ళు. కత్తులు రేకువి, గదలు కర్రవి. దివిసీమలో ఒక నాటకంలో రేకు కత్తి తగిలి కుర్ర నటుడి కనుబొమ్మ చీరుకుపోయిందని తెలిసిన రోజున అక్క అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఆ తర్వాతే రబ్బరు సంగతి పట్టించుకుంది. ఫోన్లో వీడియోలు చూసి, డబ్బాలకి డబ్బాలు రబ్బరు పాలు పాడు చేసి, మా అత్తగారి చేత నానా మాటలూ పడి నేర్చుకుంది. ఆవిడ నేర్చుకుని నాకు నేర్పింది.

పని చెప్పుకుంటే చిన్నదే. ముందు అసలు కత్తికి ప్లాస్టర్‌తో రెండు ముక్కల అచ్చు తియ్యాలి. ఆ అచ్చులో రబ్బరు పాలు పోస్తే ప్లాస్టర్ నీటిని పీల్చుకుని లోపలి గోడలకి రబ్బరు పొరలా పట్టుకుంటుంది. మిగిలిన పాలు వంపేసి, ఆరాక అచ్చు విప్పి, ఒకదానికొకటి అంటుకోకుండా టాల్కం పౌడర్ పుయ్యాలి. పసిపిల్లలకి స్నానం చేయించి పౌడర్ రాసినట్టే ఉంటుంది. తర్వాత లోపల బెత్తం పెట్టి, ఫోమ్ కూరి, మూతి అతికిస్తే ఆయుధం తయారు. లారీలో పడేసినా, చెమటకి నానినా, స్టేజీ మీద వంద దెబ్బలు కొట్టుకున్నా దానికీ ఏమీ కాదు, మనిషికీ ఏమీ కాదు. ఇంతవరకూ నా పని. రంగు అక్కది.

మొదట్లో మామూలు ఎనామిల్ పెయింట్ వేసేవాళ్ళం. రబ్బరు వంగగానే అది చేప పొలుసుల్లా లేచిపోయేది. ఒకసారి స్కూటర్‌కి పంక్చర్ వేయిస్తూ నిలబడ్డ అక్క, ట్యూబుకి రాసే సొల్యూషన్ ఎంత లాగినా సాగుతుండటం చూసింది. ఆ డబ్బా ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చి, పల్చన చేసి, బంగారు పొడి కలిపి పూసింది. ఆరాక దాన్ని మెలిపెట్టి చూసి, నా వైపు తిరిగి, "ఇంక వీడి తాత వచ్చినా ఊడదు" అంది. నిజంగానే ఊడలేదు. ఆ రోజుల్లో వేసిన గదలు ఇప్పటికీ ఊళ్ళు తిరుగుతున్నాయి.

అక్కకి ఒక పట్టుదల ఉండేది. కొత్తగా మెరిసేది ఆటబొమ్మ, చేతుల్లో నలిగినట్టు కనపడేదే ఆయుధం అనేది. అందుకని బంగారు రంగు వేసి ఊరుకునేది కాదు. గాడుల్లో నలుపు నింపేది, అంచుల మీద మెరుపు తెచ్చేది, పిడి దగ్గర వేళ్ళు ఆనే చోట బంగారం అరిగిపోయి కింద చెక్క కనపడుతున్నట్టు గోధుమరంగు తేల్చేది. ఆ అరుగుదల వెయ్యడానికి ముందు కత్తిని తానే పిడికిట్లో పట్టుకుని, బొటనవేలు ఎక్కడ పడుతుందో చూసుకుని, అక్కడ గుర్తు పెట్టుకునేది. మొదట్లో నాటకాల వాళ్ళు, "ఏంటమ్మా, పాతవి అంటగడుతున్నారు" అని సణిగారు. స్టేజీ లైట్లలో చూశాక వాళ్ళే అరిగినవి కావాలని అడగడం మొదలెట్టారు.

రంగు వేసేటప్పుడు అక్క తలుపు గడియ పెట్టేది. అత్తగారి సణుగుడు తప్పించుకోవడానికి అనుకున్నాను. మూడో రోజో నాలుగో రోజో బ్రష్షు ఎడమ చేతిలో ఉండటం చూశాను. కుడి చేత్తో అన్నం కలిపి, కుడి చేత్తో ముగ్గు పెట్టి, కుడి చేత్తో షాపు పద్దు రాసే మనిషి! నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నవ్వేసింది. పుట్టుకతోనే ఎడమ చేతి వాటమట. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ అన్నం తినే వేళకి ఆ చేతికి గుడ్డ కట్టేదట. పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు ఏ చేత్తో ఇవ్వాలో వారం రోజులు సాధన చేయించారట. అన్నీ కుడి చేతికి వచ్చాయి. రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం కుడి చెయ్యి మొద్దావతారం అయిపోతుందని చెప్పింది.

చెప్పినావిడ ఊరుకోలేదు. నా అరచెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"ఇది ఆంజనేయస్వామి గద. రేపు ఆ వేషం కట్టేవాడు కళ్ళకద్దుకుని పట్టుకుంటాడు. ఎడం చేత్తో రంగేశానని తెలిస్తే ముట్టుకుంటాడా? నా మీద ఒట్టు, ఎవ్వరికీ చెప్పకు" అంది.

రంగు ముట్టుకునే ముందు ఆ చేతిని సబ్బుతో మోచేతి దాకా కడుక్కునేది. రాముడి విల్లు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, "ఏమనుకోకు స్వామీ, ఉన్న చెయ్యి ఇదే" అనేది సగం నవ్వుతూ, సగం నిజంగా. దేవుడు ఏమీ అనుకునేవాడు కాదని నా నమ్మకం. అనుకునేదల్లా మనుషులే. మా అత్తగారికి కడదాకా తెలియదు. బావగారికీ తెలియకుండానే ఆయన పోయారు. ఒక మనిషి అసలు చెయ్యి ఏదో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం అంత బరువవుతుందని అప్పుడు తెలియదు.

ఒక రోజు పొద్దున టీ తాగి పైకి వచ్చాం. అక్క కిరీటం ఒళ్ళో పెట్టుకుంది. బ్రష్షు జారి కింద పడింది. చెయ్యి తిమ్మిరెక్కిందంటూ వంగి తీసుకోబోయి స్టూలు మీంచి పక్కకి ఒరిగింది. మూతి ఒక వైపు వంకర పోవడం చూసి నేను అరిచిన అరుపుకి పక్కింటావిడ కిటికీ తెరిచింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పక్షవాతం. ప్రాణానికి ఫర్వాలేదన్నారు. మాట పోలేదు, తెలివి పోలేదు. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి.

చూడటానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. బత్తాయిలు మంచం పక్కన పెట్టడం, "ఎడం చెయ్యే కదమ్మా, అదే కుడి చెయ్యైతేనా? దేవుడు చల్లగా చూశాడు" అనడం. ఒకరి తర్వాత ఒకరు, ఎక్కడో కూడబలుక్కుని వచ్చినట్టు. అక్క అందరికీ, "అవునండీ, ఆయన దయ" అని తల ఊపేది. మంచం అవతలి వైపు దుప్పటి మీద ఆ చెయ్యి వెల్లకిలా పడి ఉండేది. గోళ్ళ సందుల్లో బంగారు పొడి ఇంకా అలాగే ఉంది. నాకు ఆ బత్తాయిలు తీసుకుని ఒక్కొక్కరి మొహాన కొట్టాలనిపించింది. నేనూ తల ఊపాను. ఊపక ఏం చేస్తాను, ఒట్టుంది.

ఆస్పత్రి నుంచి అక్కని వాళ్ళమ్మాయి తన ఇంటికి, గన్నవరం తీసుకెళ్ళింది. కూతురు తీసుకెళ్తానంటే తోడికోడలు కాదనడానికి ఏ హక్కూ లేదు. పటమట నుంచి గన్నవరం ఎంత దూరం, బస్సెక్కి కూర్చుంటే ఏనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, అంతే. కానీ ఆ రోజు కారు మలుపు తిరిగాక నేను పైకెళ్ళి గదిలో కూర్చుంటే, అక్క ఏ దేశమో వెళ్ళిపోయినట్టు అనిపించింది. మాకు పిల్లల్లేరు. మా ఆయన మంచివాడే, మాటే తక్కువ. పొద్దున షాపుకి వెళ్తే రాత్రికి వస్తారు, అన్నం తిని టీవీలో వార్తలు చూస్తారు. ఇన్నేళ్ళూ నేను మాట్లాడిన మాటలన్నీ ఆ రేకుల గదిలోనే మాట్లాడానని, కింద ఇంట్లో మాట్లాడటం నాకు చేతకాదని అప్పుడే తెలిసింది. అచ్చు విప్పుతూ, "చూడక్కా, ఎంత బాగొచ్చిందో" అని తలెత్తేదాన్ని. పక్క స్టూలు మీద ఎండబెట్టిన గుడ్డలుండేవి.

వారానికోసారి గన్నవరం వెళ్ళేదాన్ని. కాలు బాగానే స్వాధీనానికి వచ్చింది, కర్ర పట్టుకుని హాల్లో నాలుగడుగులు వేసేది. ఇంటికొచ్చి కసరత్తు చేయించే ఫిజియో అమ్మాయి ఇక చేతి మీద పడింది. అక్క సహకరించలేదు. నొప్పి అనేది, నిద్ర అనేది, కాలు వచ్చింది చాల్లే అనేది. ఒక రోజు ఆ అమ్మాయి నా ఎదురుగానే వాళ్ళమ్మాయికి చెప్పింది. ఈ మొదటి నెలల్లో పట్టుబట్టి చేయిస్తేనే వేళ్ళు తిరుగుతాయని, ఇప్పుడు వదిలేస్తే బిగుసుకుపోయి తర్వాత ఎంత చేసినా రావని. "మీ అమ్మగారు ఎడం చేత్తో ప్రత్యేకంగా చేసే పనేమైనా ఉందాండీ? ఉంటే ఆ పని మీద పెడతాను" అని అడిగింది.

వాళ్ళమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి ఏమీ లేదంది. తినడం, రాయడం అన్నీ కుడి చెయ్యేనంది. అక్క మంచం మీంచి నా వైపు చూసింది. బతిమాలుతున్నట్టు లేదు ఆ చూపు. నోరు మూసుకో అన్నట్టుంది. వచ్చే నెల నుంచి చేతి కసరత్తు ఆపేద్దామని తల్లీకూతుళ్ళు తేల్చుకున్నారు.

బస్సులో తిరిగి వస్తూ నాలో నేను ఎంత కొట్టుకున్నానో. అక్క అలా ఎందుకు చేస్తోందో నాకు తెలుసు. ఆ చెయ్యి పడిపోవడం శిక్ష అనుకుంటోంది. దేవుడి ఆయుధాలకి ఎడమ చేత్తో రంగులేసినందుకు ఆ చెయ్యే పోయిందని నమ్మింది. నమ్మినావిడ నోరు తెరిచి చెప్పదు, చెప్పనివ్వదు. నేను చెప్పేద్దామంటే ఒట్టు. నాకు పెద్దగా పట్టింపులు లేవు, పిల్లి ఎదురైతే దాన్నే అదిలించి వెళ్ళే మనిషిని. కానీ ఒట్టు తప్పితే కీడు నాకు కాదు, ఎవరి మీద వేశానో వాళ్ళకి. మంచంలో ఉన్న మనిషి మీద ఆ సాహసం చెయ్యడానికి నాకు గుండె చాల్లేదు.

ఆ రోజుల్లోనే అవనిగడ్డ వైపు నుంచి ఒక నాటక సమాజం వాళ్ళు వచ్చారు. వాళ్ళ దగ్గరున్న, అక్క రంగేసిన కత్తుల జతలో ఒకటి కాలవలో పడిపోయిందట, అచ్చం అలాంటిదే కావాలని రెండోదాన్ని నమూనాకి ఇచ్చి వెళ్ళారు. వంపు తిరిగిన కత్తి. పిడికి ఒక వైపున వేళ్ళకి అడ్డుగా కమ్మీ ఉంటుంది కాబట్టి దాన్ని ఒకే రకంగా పట్టుకోగలం, తిప్పి పట్టుకోవడానికి వీల్లేదు. మా ఆయన రంగులు వేసేవాళ్ళని ఎవరినైనా చూస్తానన్నారు. వద్దన్నాను. ఆ గదిలో ఆ స్టూలు మీద ఇంకో మనిషి కూర్చోవడం నావల్ల కాదు.

పోత బాగానే వచ్చింది. నల్లరంగు, బంగారం వేశాను. పిడి మీద అరుగుదల వెయ్యడానికి అక్క చేసినట్టే ముందు పాత కత్తిని పిడికిట్లో పట్టుకున్నాను. నా బొటనవేలు మెరుస్తున్న బంగారం మీద పడింది. అరిగిన చోటు అవతలి వైపు ఉంది. తప్పుగా పట్టుకున్నానేమో అనుకుని వదిలి మళ్ళీ పట్టుకున్నాను. అదే వరస. అప్పుడు కత్తిని ఎడమ చేతిలోకి మార్చాను. బొటనవేలు వెళ్ళి సరిగ్గా ఆ గోధుమరంగు మచ్చలో కూర్చుంది. మిగతా వేళ్ళు కూడా ఒక్కొక్కటీ తన చోట్లో కూర్చున్నాయి.

రంగు వేసే ముందు అక్క పట్టుకుని చూసుకున్నది తన అసలు చేత్తోనే కదా. ఆవిడ వేసిన ప్రతి వంపు కత్తి మీదా ఆ చేతి ఆనవాలు ఉంది. ఎవరి కంటా పడకుండా గడియ పెట్టుకుని దాచిన చేతిని తానే లైట్ల కింద పెట్టి ఊరూరా పంపింది. ఆవిడకీ తెలియదు, నాకూ తెలియలేదు. వేషం కట్టుకుని పద్యం మీద ధ్యాస పెట్టిన నటుడు పిడి వైపు ఎందుకు చూస్తాడు? నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను. పక్కన అక్క ఉండి ఉంటే ఆ నవ్వు ఇద్దరిదీ అయ్యేది.

ఏడుపు తగ్గాక ఇంకో సంగతి తట్టింది. ఒట్టు వేసింది నేను, కత్తి కాదు.

మర్నాడే దాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. అక్క లోపల గదిలో పడుకుని ఉంది. వాళ్ళమ్మాయి వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆ పిల్ల ముందు కత్తి పెట్టాను.

"మీ అమ్మ రంగేసిందే. పట్టుకో. ఆ అరిగిన చోట బొటనవేలు పెట్టు" అన్నాను.

పిన్నికి మతి పోయిందా అన్నట్టు చూసి, చెయ్యి తుడుచుకుని పట్టుకుంది. వేలు కుదరలేదు. అటూ ఇటూ చూసింది. కమ్మీ వల్ల తిప్పడం కుదరలేదు. నేను ఇంకో చేత్తో పట్టుకోమన్నాను. పట్టుకుంది. వేలు కూర్చుంది. రెండో చెయ్యి తన కుడి చెంప మీదికి పోయింది.

"అమ్మ కొడితే ఎప్పుడూ కుడి చెంపే వాచేది పిన్నీ" అంది చాలా మెల్లగా. "చిన్నప్పట్నుంచీ. అదేంటో అని ఎప్పుడూ అనుకోలేదు."

నాకు నిజంగా తెలియదు ఆ సంగతి. అన్ని పనులూ కుడి చేతికి నేర్పించుకున్న మనిషికి కోపం వచ్చినప్పుడు మాత్రం అసలు చెయ్యే ముందుకొచ్చేదన్నమాట. ఆ పిల్ల ఇంకేమో అడగబోతుంటే నేనేం చెప్పలేదని, చెప్పలేనని, నాకు ఒట్టుందని అన్నాను. ఇంక అడగలేదు. చిక్కుడుకాయలు అలాగే వదిలేసి ఫిజియో అమ్మాయికి ఫోన్ చేసింది. మా అమ్మకి పడిపోయిన చెయ్యే అసలు చెయ్యండీ అని చెప్పింది. తర్వాత లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. గోడ అవతల తల్లీకూతుళ్ళ మాటలు వినపడుతుంటే నేను హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను. ఇంటి మీంచి విమానం దిగుతున్న మోతకి వాళ్ళ మాటలు మునిగిపోయాయి. మోత తగ్గేసరికి అక్క ఏడుస్తోంది. ఆవిడ ఏడవగా నేను వినడం అదే మొదలు, బావగారు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

ఆ తర్వాత అక్క నాతో మాట్లాడటం మానేసింది. కసరత్తు మాత్రం ఆగలేదు, వాళ్ళమ్మాయి ఆగనివ్వలేదు. నేను వెళ్తే అక్క గోడ వైపు తిరిగి పడుకునేది. ఫోన్ చేస్తే నిద్రపోతోందనే సమాధానం. ఒట్టు తప్పానా లేదా అని నాతో నేను వాదించుకుని, ఒక రోజు గెలిచి, ఒక రోజు ఓడేదాన్ని. అవనిగడ్డ వాళ్ళ కత్తికి చివరికి నేనే అరుగుదల వేశాను, ఎడమ చేతిలో పట్టుకుని చూసుకుని, ఎడమ వేలికే. పాతదాని పక్కన పెడితే పోలిక బాగానే కుదిరింది. బాగుందని చెప్పే మనిషి లేదు. మా ఆయన చూసి, "ఏది పాతది?" అన్నారు. అది మెప్పే. కానీ అక్క అయితే నా నలుపు గాడిలోంచి బయటికి ఎక్కడెక్కడ కారిందో వేలు పెట్టి చూపించేది. ఆ తిట్లు లేక నాకు ఆ గది గదిలా ఉండేది కాదు.

చెయ్యగలిగింది ఇంకేమీ కనపడక ఒక పని చేశాను. ఆ కత్తి అచ్చులో కమ్మీతో సహా పిడి వరకే రబ్బరు పోశాను. లోపల బెత్తం పెట్టలేదు, ఫోమ్ కూడా వదులుగా కూరాను, వేళ్ళతో నొక్కితే నలిగేటట్టు. మీద గోధుమరంగు వేసి, దానిపైన బంగారం వేశాను. సొల్యూషన్ కలిపి, రెండు పూతలు, ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది. అరుగుదల ఎక్కడా వెయ్యలేదు. వేలు ఎక్కడ పెట్టాలో నేను చెప్పదలుచుకోలేదు.

దాన్ని తీసుకెళ్ళి మంచం మీద ఎడమ చేతి పక్కన పెట్టాను. అక్క ఓరగా చూసింది. నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట, "ఛీ, ఏంటా మెరుపు, గిల్టు నగలాగా" అని. నేను సంచి తీసుకుని వచ్చేశాను. తిట్టిందన్న సంతోషానికి బస్సులో కిటికీ పక్కన కూర్చుని గూడవల్లి దాకా నవ్వుకుంటూనే ఉన్నాను. పక్క సీటావిడ కొంచెం జరిగి కూర్చుంది.

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా ఆ పిడి ఎక్కడా కనపడేది కాదు. మంచం మీద లేదు, అల్మరాలో లేదు. చెయ్యి ఎప్పుడూ చీర కొంగు కిందే ఉండేది. అడగడానికి మొహమాటపడ్డాను. పారేసి ఉంటుందనుకున్నాను. కసరత్తు ఎలా ఉందని వాళ్ళమ్మాయిని అడిగితే, తన ఎదురుగా ఏమీ చెయ్యదనీ, ఫిజియో అమ్మాయి మాత్రం ఫర్వాలేదంటోందనీ చెప్పింది. అక్క నాతో మాటలు మొదలెట్టింది కానీ అన్నీ పైపై మాటలే. వర్షాల గురించి, కూరల గురించి. గది ఊసు ఎత్తేది కాదు. ఇంటికొచ్చి పైకి వెళ్తే రేకుల మీద వాన మోత తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ డాబా మెట్లు అక్క ఇక ఎక్కలేదని నాకూ తెలుసు. రెండో స్టూలు కిందికి దించేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో, దించలేదు.

మొన్న వెళ్ళినప్పుడు వాళ్ళమ్మాయి బజారుకి వెళ్ళింది. ఇద్దరమే ఉన్నాం. అక్క దిండు కిందికి కుడి చెయ్యి పోనిచ్చి ఆ పిడి తీసింది. తీసి నా ఒళ్ళో పడేసింది.

"చూడు నీ పని. రంగు ఊడిపోయింది" అంది.

చూశాను. పిడి అంతా నేను వేసిన బంగారమే, చెక్కుచెదరలేదు. ఒక్క చోట, బొటనవేలంత మేర, బంగారం లేదు. కింది గోధుమరంగు తేలింది. అవతలి వైపు నాలుగు వేళ్ళు ఆనే చోట కూడా మాసి పల్చబడింది. నా కుడి బొటనవేలు ఆనించి చూశాను, కుదరలేదు. ఎడమది పెట్టి చూడాల్సిన అవసరం లేదు.

ఆ పూత వంద దెబ్బలకి ఊడదు. ఆ విషయం ఆవిడకన్నా బాగా ఎవరికీ తెలియదు, కనిపెట్టిందే ఆవిడ. ఎవరూ లేనప్పుడు దుప్పటి కింద పట్టుకుని, పట్టు జారితే మళ్ళీ పట్టుకుని, రోజుల తరబడి అదే చోట వేలు ఒత్తి పెడితే తప్ప అది అలా పోదు. తలెత్తి చూశాను. ఎడమ చెయ్యి కొంగు కింద లేదు. ఒళ్ళో బయటే పెట్టుకుంది. వేళ్ళు కొంచెం ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలు మెల్లగా కదులుతోంది.

"సొల్యూషన్ కలపకుండా వేసినట్టున్నావ్" అంది, నా మొహంలోకి చూడకుండా.

"అవునక్కా, మర్చిపోయాను" అన్నాను.